రాత్రి భోజనం బదులు సూప్ సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. బీపీకి మందులు వాడుతున్నారు. చలి మొదలైనప్పటి నుంచి ఆకలి లేదంటూ రాత్రి భోజనం మానేసి, ఇంట్లో చేసిన కూరగాయల సూప్ గిన్నెడు తాగి పడుకుంటున్నారు. రెండు నెలల్లో 55 కిలోల నుంచి 52 కిలోలకు తగ్గారు. వేడి సూప్‌లోనే బలమంతా ఉందని ఆవిడ అంటారు. అది నిజమేనా? ఎలాంటి సూప్ ఇవ్వాలి?

జవాబు: సూప్ సంగతి చెప్పే ముందు బరువు సంగతి చెప్పాలి. ప్రయత్నించకుండానే రెండు నెలల్లో 3 కిలోలు, అంటే శరీర బరువులో 5 శాతానికి పైగా తగ్గడాన్ని చలికాలపు మార్పుగా తీసిపారేయకూడదు. రాత్రి తిండి తగ్గడం ఒక్కటే కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. కాబట్టి ఆవిడను ఒకసారి వైద్యుడికి చూపించి, షుగర్, థైరాయిడ్, రక్తహీనత, మూత్రపిండాల పరీక్షలు చేయించండి.

ఇక సూప్ విషయానికొస్తే, ఆవిడ మాటలో సగం నిజముంది. చలికాలంలో పెద్దవారికి దాహం సరిగా తెలియక నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఆ లోటును సూప్ కొంత తీరుస్తుంది. జలుబు చేసినప్పుడు వేడి ఆవిరికి ముక్కు తేలికపడుతుంది. ఉడికేటప్పుడు నీళ్లలోకి దిగిన ఖనిజ లవణాలు వార్చి పారబోయకుండా కడుపులోకే చేరతాయి. కానీ వడకట్టిన పలుచటి కూరగాయల సూప్‌లో మాంసకృత్తులు నామమాత్రమే. ఈ వయసులో కండ కరగకుండా ఉండాలంటే, మూత్రపిండాలు బాగున్నంత వరకు, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మీ అమ్మగారికి ఆ లెక్కన కనీసం 52 గ్రాములు అందాలి. మొక్కజొన్న పిండి కలిపితే వచ్చే చిక్కదనాన్ని బలమని పొరబడేవారు చాలామందే ఉన్నారు. అది పిండి పదార్థం మాత్రమే.

అందువల్ల ఆ చిక్కదనం పప్పుతో తీసుకురండి. 50 గ్రాముల పప్పులో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులుంటాయి. దాన్ని క్యారెట్, గుమ్మడి, టమాటా ముక్కలతో మెత్తగా ఉడికించి, వడకట్టకుండా మెదిపి, దించే ముందు గుప్పెడు ఆకుకూర వేయండి. చెంచాడు నూనెలో వెల్లుల్లి, అల్లం వేయించి కలిపితే రుచితో పాటు మరో ప్రయోజనం కూడా ఉంది: క్యారెట్, గుమ్మడిలోని బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. గుడ్డు తినే అలవాటుంటే, మరుగుతున్న సూప్‌లో ఒక గుడ్డు గిలకొట్టి పోస్తే మరో 6 గ్రాములు చేరతాయి. లేదా మాంసం ముక్కలను మెత్తగా ఉడికించి వేయవచ్చు. ముక్కలు పక్కన పెట్టి రసం మాత్రమే తాగితే ప్రయోజనం లేదు. రాజ్మా వేయదలిస్తే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మంచి నీళ్లలో బాగా మరిగించాలి. సన్నని సెగ మీద సగం ఉడికిన రాజ్మా వాంతులు, విరేచనాలు తెస్తుంది.

బీపీ ఉంది కనుక నాకు అన్నిటికంటే పట్టింపు ఉప్పు మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం అన్ని రకాల ఆహారంలోనూ కలిపి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి. ప్యాకెట్ సూప్ పొడులు, రుచికి వేసే క్యూబులు ఆ లెక్కను సులువుగా తప్పిస్తాయి కాబట్టి వాటిని మానేసి, మిరియాలు, నిమ్మరసంతో రుచి తెప్పించండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో సాధారణంగా పొటాషియం ఉంటుంది. కొన్ని బీపీ మందులతో అది రక్తంలో ప్రమాదకరంగా పెరగవచ్చు. మూత్రపిండాల పరీక్షలో తేడా కనిపిస్తే కూరగాయలు ఉడికిన నీళ్లు కూడా అదే కారణంగా తగ్గించాల్సి రావచ్చు.

సూప్‌ను పడుకునే వేళకు కాకుండా సాయంత్రం ఏడింటికే, పొగలు కాస్త తగ్గాక ఇవ్వండి. నాలుక కాలేంత వేడి అన్నవాహికకు మంచిది కాదు, ఆలస్యంగా తాగితే రాత్రి మూత్రానికి పదేపదే లేవాల్సి వస్తుంది. తోడుగా మెత్తటి అన్నమో రొట్టెముక్కో కొద్దిగానైనా తినిపించండి. మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లోపు, ప్రతిసారీ కావలసినంతే తీసి మరిగించి వాడండి. వారానికొకసారి బరువు చూసి రాసిపెట్టండి. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కాగితం, ఆవిడ వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి.