డిజిటల్ ట్విన్ పని మొదలుపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త బిల్డింగ్‌కి డిజిటల్ ట్విన్ (కంప్యూటర్‌లో బిల్డింగ్‌తో పాటే నడిచే దాని నకలు) పెట్టే పని నీ చేతికొచ్చిందని తెలిసి చాలా సంతోషించాను తల్లీ. త్రీడీ బొమ్మ గురించీ, 5జీ గురించీ పేజీలకు పేజీలు రాశావు గానీ మీటర్ల మాటే ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఈ గంటలో బిల్డింగ్ ఎంత కరెంటు వాడాలో ట్విన్ లెక్కగడుతుంది. నిజంగా ఎంత వాడుతోందో దాని పక్కన పెడుతుంది. నీకు కావలసినది ఆ తేడా. కాబట్టి ముందు చిల్లర్లకి (ఏసీకి చల్లని నీళ్లు తయారుచేసే యంత్రాలకి), పంపులకి, ఫ్యాన్లకి, లైట్లకి వేర్వేరు సబ్‌మీటర్లు పెట్టించు. మెయిన్ మీటర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, ఎంత పోతోందో తెలుస్తుంది గానీ ఎక్కడ పోతోందో తెలియదు.

బిల్డింగ్ మొత్తాన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోకు. ఒక్క ఏహెచ్‌యూతో, అంటే గాలిని చల్లబరిచి గదులకి పంపే యూనిట్‌తో, మొదలుపెట్టు. గాలిని చల్లబరిచే కాయిల్‌లోకి చల్లని నీళ్లు వదిలే కూలింగ్ వాల్వ్ పూర్తిగా మూసి ఉందని బీఎంఎస్ (బిల్డింగ్ యంత్రాల్ని నడిపే కంట్రోల్ సిస్టమ్) చూపిస్తోందనుకో. అప్పుడు కాయిల్‌కి ముందూ వెనకా గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఉండాలి, ఫ్యాన్ వేడి కలిస్తే వెనక కాస్త ఎక్కువే ఉండాలి. నాలుగు డిగ్రీలు తక్కువ ఉందంటే వాల్వ్ లీకవుతోంది, లేదా సెన్సర్ తప్పు చెబుతోంది. ముందు మంచి థర్మామీటర్‌తో సెన్సర్‌ని సరిచూసుకో, ఆ తర్వాతే వాల్వ్ విప్పించు. గది చల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు, ఇలాంటి లీకు ఏళ్ల తరబడి అలాగే సాగుతుంది. దాన్ని పట్టుకోవడానికే ట్విన్.

ఫ్యాన్ల మీద కూడా కన్నేసి ఉంచు. వేగం 80 శాతానికి తగ్గితే కరెంటు సుమారు సగానికి పడిపోతుంది. డక్ట్ ప్రెజర్ సెట్‌పాయింట్‌ని, అంటే గాలి గొట్టాల్లో ఇంత ఒత్తిడి ఉండాలని పెట్టే అంకెని, ఒకేచోట బిగించేస్తే ఆ లాభం పూర్తిగా దక్కదు.

ఇక నెట్‌వర్క్. గోడలూ స్లాబులూ వేడెక్కడానికి, చల్లబడడానికి గంటలు పడుతుంది. గది ఉష్ణోగ్రత నిమిషానికోసారి వస్తే చాలు, దానికి 5జీ అక్కర్లేదు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ తగ్గినప్పుడు బ్యాటరీ, చిల్లర్ల లోడ్ సెకన్లలో సర్దుకోవాలంటే మాత్రం వేగం కావాలి. అక్కడ ఖర్చుకి వెనకాడకు. వేగం కంటే నేను పట్టుబట్టేది గడియారాల గురించి. మీటర్ టైము, సెన్సర్ టైము పదిహేను నిమిషాలు అటూ ఇటూ అయితే, ఫలితం ముందూ కారణం వెనకా అయి మోడల్ తలకిందులుగా నేర్చుకుంటుంది. అన్నిటినీ ఒకే టైమ్ సర్వర్‌కి కట్టు. లింకు తెగినా లోకల్ కంట్రోలర్ తన పని తను చేసుకుపోవాలి. బీఎంఎస్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌తో కలపనివ్వకు.

మోడల్ సరిపోయిందని నెల బిల్లు చూసి ఒప్పుకోకు. పగలు తక్కువ, రాత్రి ఎక్కువ లెక్కగట్టినా నెలాఖరుకి మొత్తం సరిపోతుంది. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంఘం) గైడ్‌లైన్ 14 ప్రకారం గంటల డేటాతో పోలిస్తే సీవీఆర్ఎంఎస్ఈ (గంట గంటకీ వచ్చే తేడా సగటు వాడకంలో ఎంతో చెప్పే కొలత) 30 శాతం, సగటు బయాస్ (మొత్తం మీద ఎక్కువకో తక్కువకో మొగ్గడం) 10 శాతం దాటకూడదు. అది కనీస హద్దు మాత్రమే.

కొన్ని వారాలు ట్విన్‌ని సలహా మాత్రమే చెప్పనివ్వు. ప్లాంట్ రూమ్ ఆపరేటర్లు ఏ సలహాని కాదన్నారో, ఎందుకన్నారో రాసి ఉంచు. ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో వాళ్లకి తెలిసినంతగా మోడల్‌కి తెలియదు. ఆ కారణాలన్నీ మోడల్‌లోకి ఎక్కాకే కంట్రోల్ దాని చేతికివ్వు, అదీ ఒక్క ఏహెచ్‌యూకే.

మొదటి వారం డేటా రాగానే నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ బాబాయి