గుట్టల మీద పిట్టలు చూడబోయే మేనల్లుడికి

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దోస్తులతో అనంతగిరి గుట్టలకు పోతున్నావని, పనిలో పనిగా పిట్టలు చూస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత ఎత్తు ఎక్కాం, ఎన్ని గంటల్లో ఎక్కాం అనే లెక్క పెట్టుకుంటే మాత్రం దారంతా నీకు కనిపించేవి ముందు నడిచేవాడి బూట్లే. సగం దారి నడువు చాలు, మిగతా టైం కూర్చో.

ఆ గుట్టలుండే వికారాబాద్ మన హైదరాబాద్ నుంచి 75-80 కిలోమీటర్లు ఉంటుంది. వెలుగు రాకముందే గుట్ట కింద దిగేలా బయల్దేరు. తెల్లారిన మొదటి రెండు గంటలే చిన్న పిట్టలు తిండికి తిరిగే వేళ, కాబట్టి ఆ టైంలో పైకి పరుగెత్తకు, కింద పొదల దగ్గరే ఉండు. తొమ్మిది దాటి బండలు వేడెక్కితే గాలి పైకి లేస్తుంది. గద్దలు, డేగలు రెక్క ఆడించకుండా ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ పైకి పోతాయి. అప్పుడు నువ్వు ఆకాశం బాగా కనిపించే బండ మీద ఉండాలి.

కూర్చున్నాక కనీసం పది నిమిషాలు కదలొద్దు. మొదట ఏమీ ఉండదు, తర్వాత పిగిలిపిట్టలు మళ్లీ మొదలుపెడతాయి. ఏదైనా ఒక్క పిట్ట దొరికితే దాన్నే పట్టుకుని చూడు, ఇంకో పేరు రాసుకుందామని వదిలేయకు. పచ్చగా, సన్నటి పొడుగు ముక్కుతో ఉండే పసిరికనే తీసుకో. కొమ్మ మీంచి లేచి తేనెటీగను పట్టి, చాలాసార్లు అదే కొమ్మకి తిరిగొస్తుంది. ఈగను కొమ్మకేసి టపటపా బాదుతుంది, తోక వైపు కొమ్మకు రాస్తుంది, ముల్లూ విషమూ పోయాకే మింగుతుంది. వానాకాలంలో వెళ్తే బండల మీది తొండల్నీ చూడు. జోడు కట్టే రోజుల్లో మగదాని వీపు ఎర్రగా మెరుస్తుంది, తల ఎగరేస్తూ పక్క బండ మీదివాడిని బెదిరిస్తుంది.

చెవులు కూడా వాడు. ఉడతలు ఒక్కసారిగా అరిచినా, తీతువు గోల పెట్టినా తల పైకెత్తు. దగ్గర్లో డేగో పామో ఉన్నట్టే. నేనైతే సగం పిట్టల్ని ముందు చెవితోనే పట్టుకుంటా.

పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశాడు. ఆ రోజుల్లో పిట్టను తుపాకితో కొట్టి, చేతిలో పట్టుకుని పరీక్షించేవాళ్లు. మనకి ఆ పని లేదు, 8×42 బైనాక్యులర్ సరిపోతుంది. ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పది రెట్లది కొందామని షాపువాడు అంటాడు. ఎక్కొచ్చిన ఆయాసంలో చెయ్యి వణికితే అందులో పిట్ట ఒకచోట నిలవదు.

ఫోన్లో పిట్ట కూత పెట్టి దాన్ని రప్పించే తెలివి మాత్రం వద్దు. తన జాగాలోకి వేరే మగది వచ్చిందనుకుని గూడు వదిలి కొట్లాటకి వస్తుంది. గుడ్లు ఎండకి మాడుతుంటాయి, నీకు ఫొటో వస్తుంది. దసరాకి పాలపిట్టని పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగే వాళ్లకీ మనకీ తేడా ఉండాలి కదా. బండ సందుల్లో పెద్ద గుడ్లగూబ గూడు కనబడితే దూరం నుంచే చూసి వెనక్కి రా.

బండ కింద పెద్ద తేనెపట్టు వేలాడుతుంటే ఆ దారే మానుకో. సెంటు కొట్టుకున్నవాడినీ, సిగరెట్టు తాగేవాడినీ అటు అస్సలు పోనివ్వకు. రాతి సందులో చూడకుండా చెయ్యి పెట్టొద్దు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు బిగించడం లాంటివి చేయకుండా నేరుగా పెద్ద హాస్పిటల్‌కి పోవాలి. కోతులు కవర్ చప్పుడుకే వస్తాయి, టిఫిన్ డబ్బాలో పెట్టుకో. నీళ్లు మనిషికి రెండు లీటర్లు. బట్టలు మట్టి రంగువి, తెల్లవి వద్దు. స్పీకర్ తెచ్చే దోస్తుని ఇంకో ఆదివారానికి పిలువు.

నా పాత బైనాక్యులర్ బీరువాలో ఉంది, అత్తయ్యని అడిగి తీసుకో. పట్టీ బాగా అరిగింది, కొత్తది వేయించాకే మెడలో వేసుకో.

ఇట్లు,
మామయ్య