వయొలిన్ చేతికిచ్చింది మీరే కదా!

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తొమ్మిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. క్లాసుకు రోజూ నేనే దింపి తీసుకొచ్చేవాణ్ని. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, సంగీత మనోవిజ్ఞానం (మ్యూజిక్ సైకాలజీ) చదువుతానంటోంది. లండన్‌లో ఆ కోర్సు ఉందట. మ్యూజిక్ థెరపీకి, అంటే సంగీతంతో చేసే చికిత్సకు, గిరాకీ ఉంది, ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చాలని తెలిసినవారు అంటున్నారు. లండనా, సర్టిఫికెటా, బీటెక్ చేయించి సంగీతం మాన్పించడమా?

జవాబు: మీ ఉత్తరంలో దారులు మూడున్నా భయం ఒక్కటే. అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే ‘బీటెక్’ అని ఒక్క మాటతో సరిపెట్టవచ్చు. దీనికైతే ఆగి వివరించాలి. ఆ ఇబ్బంది మీది, ఆమెది కాదు. తొమ్మిదేళ్లు ఫీజు కట్టి, బండి మీద తిప్పిన తండ్రి, ఆ విద్య ఆమె బుర్రలో ప్రశ్నలు పుట్టించేసరికి కంగారు పడతారెందుకు? పెళ్లిచూపుల్లో ఒక కీర్తన వాయిస్తే చాలనుకున్నారా? మాట కటువుగా ఉంటే మన్నించండి. ఏటా ఈ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. వాయిద్యం పేరు మాత్రం మారుతుంది.

‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః’ అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అది నిజమేనా, అయితే ఎలా, అని పరీక్షించి చూడటమే సంగీత మనోవిజ్ఞానం పని. (పాము సంగతి నాకు అనుమానమే.) 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో, మన సంగీతంతో పరిచయం లేని కెనడా శ్రోతలకు హిందుస్తానీ రాగాలు వినిపించారు. సంతోషం, విషాదం, కోపం వారు బాగానే పోల్చుకున్నారు. శాంతం దగ్గర తడబడ్డారు. ఎందుకు? అలాంటి ఒక్క ప్రశ్న పట్టుకుని ఏళ్లు గడపగలిగేవారికే ఈ చదువు. అందులో రాగం పాలు తక్కువ, గణాంకాల పాలు ఎక్కువ. ఎంపీసీ ఎక్కడికీ పోదు.

థెరపీ వేరే సంగతి. ఈ మోజు మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. 1993లో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు పాశ్చాత్య స్వరకర్త మోజార్ట్ సంగీతం వినిపించి ఒక పరీక్ష పెట్టారు. ఆకారాలను ఊహించే ప్రశ్నల్లో కాస్త మెరుగైన ఫలితం వచ్చింది, అదీ పావుగంటకు మించి నిలవలేదు. 1998కల్లా అమెరికాలోని జార్జియా గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం రికార్డు ఇవ్వాలని బడ్జెట్‌లో సొమ్ము అడిగారు! ఆ మరుసటి ఏడాది ఇంకో ప్రయోగంలో, సంగీతం కన్నా కథ ఇష్టపడేవారికి కథ విన్నా అదే ఫలితం వచ్చింది. ఈ రాగానికి రక్తపోటు తగ్గుతుంది, ఆ రాగానికి నిద్ర పడుతుంది అంటూ ఆరు నెలల సర్టిఫికెట్లు అమ్మేవారిని చూస్తే నాకు ఆ గవర్నరే గుర్తొస్తారు. రోగి ముందు కూర్చోవడానికి ఆ కాగితం చాలదు. మన దేశంలో మానసిక సమస్యలకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే కేంద్ర నియంత్రణ సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాలి. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని 2025లో యూజీసీ కూడా విశ్వవిద్యాలయాలకు చెప్పింది.

ఇక లండన్. అక్కడి గోల్డ్‌స్మిత్స్ కాలేజీలోని ‘మ్యూజిక్, మైండ్ అండ్ బ్రెయిన్’ పీజీ కోర్సు. ఫిన్లండ్‌లోని యువస్కులా విశ్వవిద్యాలయంలో ఉన్నదీ పీజీయే. డిగ్రీ కానిదే ఎవరూ చేర్చుకోరు. కాబట్టి ఆ ఖర్చు తలచుకుని ఇప్పుడు నిద్ర పాడుచేసుకోకండి. అప్పుడైనా ఇల్లు తాకట్టు పెట్టి ఏడాది చదువుకు పంపడం నాకు సమ్మతం కాదు; ‘సంగీత మనోవిజ్ఞాని కావలెను’ అనే ప్రకటన నేనింతవరకు చూడలేదు. పరిశోధన, బోధన, శబ్ద సాంకేతికత వంటి చోట్లకు చేరాల్సిందే.

ఈ మూడు నాలుగేళ్లకు ప్రయోగశాల ఉన్న కాలేజీలో సైకాలజీ డిగ్రీ చాలు. బెంగళూరు మీకు ఒక పూట ప్రయాణం. తర్వాత పీజీకి తిరుపతి ఎస్వీయూ ఉంది. ఆమె మనసు మారి బీటెక్ అన్నా నష్టం లేదు: మనం వినే పాటలకూ మానసిక స్థితికీ ఉన్న సంబంధాన్ని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్లతోనే వెతుకుతున్నారు. ఏ దారిలోనూ వయొలిన్ మాన్పించే పని లేదు.

ఇంత పెద్ద ఉత్తరం రాశారు, ఆమెను ఈ చదువు వైపు లాగిన ప్రశ్న ఏమిటో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు? అడిగి, ఆమె జవాబును ఆమె చేతే నాకు రాయించండి.