స్టిల్ లైఫ్ బొమ్మలకు ఫంక్ కడుతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు డెమోలూ రెండేసి సార్లు విన్నాను. మాటల్లేకుండా, ఒట్టి వాయిద్యాలతో, స్టిల్ లైఫ్ చిత్రాల మీద, అంటే పళ్లు, సీసాల్లాంటి కదలని వస్తువుల బొమ్మల మీద, జాజ్-ఫంక్ ఆల్బమ్ చేయాలన్న ఆలోచనే నాకు భలే నచ్చింది. అయితే బొమ్మ కదలదు కదా అని టెంపో తగ్గించావు, కీబోర్డు నిండా రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) పోశావు. అది సరైన దారి కాదనిపిస్తోంది.

కదలనివి వస్తువులే, చూసేవాడి కన్ను కదులుతూనే ఉంటుంది. స్పెయిన్ చిత్రకారుడు సాంచెజ్ కోటాన్ 1602 ప్రాంతంలో వేసిన బొమ్మ ఒకటుంది, దాన్ని ఎదురుగా పెట్టుకో. ఒక క్విన్స్ పండు, ఒక క్యాబేజీ దారాలకు వేలాడుతుంటాయి. కింద కిటికీ అంచు మీద కోసిన మెలన్, ఒక దోసకాయ. ఎడమ పైనుంచి కుడి కిందికి ఒక వంపులో కన్ను జారుతుంది. మిగతాదంతా చిక్కటి నలుపు. నాకది అచ్చం బేస్ లైన్‌లా, పాట అడుగున నడిచే మంద్ర స్వరాల వరుసలా, కనిపిస్తుంది: నాలుగు స్వరాలు, బోలెడంత ఖాళీ. ఆ దోసకాయ అంచు దాటి మన వైపు పొడుచుకొస్తుంది చూశావా, బీట్ కంటే పిసరంత ముందుపడే నోట్ అదే.

ఆ కిటికీ అంచు లేకపోతే ఏ వస్తువూ నిలవదు. ఫంక్‌లో ఆ అంచు ప్రతి బార్‌లో (తాళం ఒక చుట్టులో) వచ్చే మొదటి బీట్. ఫంక్‌కు బాట వేసిన గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బ్యాండ్ చేత పట్టుబట్టి వాయించింది దాన్నే. మొదటి బీట్ మీద అందరూ కలవాలి, తర్వాత ఎవరి చోటు వారిది. నీ రెండో ట్రాక్‌లో గిటార్, క్లావినెట్ (టకటకమనే ఎలక్ట్రిక్ కీబోర్డు) ఒకే చోట తోసుకుంటున్నాయి. ఒకదాన్ని తీసెయ్. కుర్రతనంలో నేనూ ఒక ఆల్బమ్‌ను ట్రంపెట్, శాక్సఫోన్ లాంటి హార్న్స్‌తో నింపేశాను. మిక్సింగ్‌లో వాటిని మ్యూట్ చేశాక గానీ డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ మీద మెల్లగా వేసిన ఘోస్ట్ నోట్స్, ఆ వినీవినపడని చిన్న దెబ్బలు, వినపడలేదు. అన్ని రోజులు ఆ అందాన్ని కప్పిపెట్టానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇటలీ చిత్రకారుడు మొరాండీ గురించి కూడా చదువు. బొలోన్యాలో దశాబ్దాల పాటు అవే సీసాలు, అవే కూజాలు వేశాడు. మెరుపు పోవాలని కొన్ని సీసాలకు రంగు పూసేవాడు కూడా. నువ్వూ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల ముక్క) మార్చకు, దాని మీద పడే వెలుతురు మార్చు. ఒకసారి రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో మీద ట్రెమొలోతో (శబ్దం అలలా పెరిగి తగ్గేలా), ఇంకోసారి శబ్దాన్ని 'వావా' అనిపించే వావా పెడల్‌తో, మరోసారి డ్రమ్ సెట్‌లోని హై-హ్యాట్ తాళాలు కాస్త తెరిచి. ప్రతి నాలుగు బార్లకూ కొత్త కార్డ్ వెతుక్కుంటూ టెన్షన్ పడక్కర్లేదు.

గాజు గ్లాసుల చప్పుడు, పండు కోసిన చప్పుడు శాంపిల్స్‌గా పెట్టకు. ఆ పని ట్రాక్ పేరు చేస్తుంది.

వినైల్ రికార్డు మీద వేయాలనుకుంటే ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటనివ్వకు. లోతైన బేస్‌కు గాడి వెడల్పు కావాలి. నిడివి పెరిగితే వాల్యూమ్ తగ్గించాల్సి వస్తుంది, ఫంక్‌కు అది దెబ్బ. సింబల్స్ (డ్రమ్ సెట్‌లోని ఇత్తడి పళ్లేలు) ఎక్కువున్న ట్రాక్ ముందు పెట్టు. రికార్డు మధ్యనున్న లేబుల్ దగ్గరికొచ్చేసరికి పై స్థాయి శబ్దాలు మసకబారతాయి.

ఈసారి మూడో ట్రాక్ నుంచి బేస్, డ్రమ్స్ మాత్రమే పంపు. కీబోర్డు సంగతి అవి విన్నాక మాట్లాడుకుందాం.