చిటారు కొమ్మ మీద మట్టి ఎలా వచ్చింది?

ప్రశ్న: పోయిన వేసవిలో మా అబ్బాయి వాళ్లు కాలిఫోర్నియా ఉత్తరాన ఉన్న రెడ్‌వుడ్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్లారు. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను, పొగమంచూ కొమ్మలూ తప్ప ఒక్క పిట్ట కూడా కనపడలేదు. అక్కడి గైడ్ మాత్రం అసలు అడవి పైనే ఉందన్నాడు. ఆ పైన ఏముందండీ? ఎక్కి చూడనిస్తారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: గైడ్ చెప్పింది అక్షరాలా నిజమండీ. 1987లో స్టీవ్ సిల్లెట్ అనే కుర్రాడు, అప్పటికింకా కాలేజీ విద్యార్థి, ఒక రెడ్‌వుడ్ చెట్టు ఎక్కాడు. తర్వాత ఆయన జీవితమంతా ఆ చెట్ల తలల మీదే గడిచింది. అక్కడ ఏముందో మనకు తెలిసిందంటే చాలావరకు ఆయన బృందం వల్లే.

వెయ్యేళ్లు, రెండు వేల ఏళ్లు బతికే చెట్టు కదా, ఏదో ఒక తుఫానుకి కొన విరుగుతుంది. విరిగిన చోట చెట్టు ఊరుకోదు, పక్కనుంచి కొత్త మానులు లేపుతుంది. వాటి మధ్య పంగల్లో రాలిన ఆకూ బెరడు పొట్టూ పడి, కుళ్లి, ఏళ్ల తరబడి పేరుకుని మట్టి అవుతుంది. కొన్ని పంగల్లో మోకాలు దిగబడేంత. ఆ మట్టిలో తోలులా మందమైన ఆకులున్న ఫెర్న్, అంటే పువ్వులు పూయని ఒక జాతి ఆకుమొక్క, గుబురుగా పెరుగుతుంది, దాని వేర్లూ మట్టీ అల్లుకుపోయి పాత పరుపులా తయారవుతాయి. ఆ పరుపు వాన నీటిని స్పాంజిలా పట్టి ఉంచుతుంది. హకిల్‌బెర్రీ పొదలు అక్కడే కాయలు కాస్తాయి, మన తాటిచెట్టు మీద రావి మొలిచినట్టు స్ప్రూస్, హెమ్‌లాక్ మొక్కలూ మొలుస్తాయి. చివరికి నీటి గుంటల్లో ఉండాల్సిన కోపెపాడ్‌లు, రొయ్యలకు దూరపు చుట్టాలైన నలుసంత జీవులు, ఆ తడి మట్టిలో దొరికాయి!

నాకు వీటన్నిటిలో సాలమాండర్ అంటే ప్రాణం. చూడ్డానికి బల్లిలా ఉంటుంది గానీ కప్పల బంధువు. దానికి ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే గాలి పీల్చుకోవాలి, అందుకే ఆ ఫెర్న్ పరుపు దానికి ఇల్లు. పట్టు తప్పితే కాళ్లు నాలుగూ చాచి, పడే వేగం తగ్గించుకుంటుందని 2022లో ఎదురుగాలి వీచే గొట్టంలో వదిలి చూసి మరీ తేల్చారు.

నరికిన చోట మొక్క నాటితే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. చాలదండీ. వందేళ్ల రెడ్‌వుడ్ కూడా వీటి లెక్కన పసిపిల్లే, నిటారుగా ఉంటుంది, విరిగిన కొన లేదు, పంగ లేదు, మట్టి లేదు. పాత అడవిలో ఇప్పుడు మిగిలింది 5 శాతం. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇక ఎక్కడం సంగతి. పరిశోధకులు కూడా అనుమతి తీసుకునే ఎక్కుతారు. బాణంతో ఫిషింగ్ లైన్ కొమ్మ మీదుగా దాటించి, దానికి తాడు కట్టి లాగుతారు, బెరడులో మేకు దించరు. 2006లో కనుగొన్న హైపీరియన్, సుమారు 116 మీటర్లతో ప్రపంచంలోనే ఎత్తైన చెట్టు, దాని మొదట్లో జనం తొక్కి తొక్కి ఫెర్న్‌లు లేకుండా పోయాయి. 2022లో ఆ చుట్టుపక్కల చోటంతా మూసేశారు. వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు.

ఈసారి వెళ్తే చలికాలపు గాలివానల తర్వాత వెళ్లండి. దారి పక్కన పైనుంచి విరిగిపడ్డ పెద్ద కొమ్మ కనిపిస్తే వంగి చూడండి, ఒక్కోసారి ఫెర్న్ గుబురు నల్లమట్టితో సహా దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. ముట్టుకోకండి, అందులో ఇంకా ఎవరైనా ఉండొచ్చు.