సాల్టోరో గట్టు ఎక్కడుంది? దానికోసం రెండు దేశాలకు ఎందుకంత పట్టుదల?

అడిగిన ప్రశ్న ఇది: సియాచిన్‌లో మనిషి ఉండడు, గడ్డి మొలవదు. అలాంటప్పుడు ఆ మంచుకోసం ఇన్నేళ్లుగా సైన్యాలు ఎందుకు? అసలు గొడవ హిమానీనదం గురించా, దాని పక్క కొండల గురించా?

కొండల గురించే. హిమానీనదానికి పడమటి గట్టు సాల్టోరో శ్రేణి. పాకిస్తాన్ సైనికులు సియాచిన్ హిమానీనదం మీద ఎక్కడా లేరు, వాళ్ల పోస్టులు సాల్టోరోకు పడమటి వైపున ఉన్నాయి. టీవీ చర్చల్లో "సియాచిన్ మీద ఎదురెదురుగా" అంటుంటారు గానీ, మ్యాపు ముందు పెట్టుకుంటే ఆ మాట నిలవదు.

మ్యాపు తీసి, 35 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే చోట వేలు పెట్టండి. దాదాపు అక్కడే ఎన్‌జే 9842 అనే బిందువు ఉంది. అది ఊరి పేరూ కాదు, కొండ పేరూ కాదు, సైనిక మ్యాపులోని గడి నంబరు. కశ్మీరులో రెండు దేశాలను విడదీసే నియంత్రణ రేఖ (ఎల్‌ఓసీ) కాగితం మీద అక్కడితో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఉత్తరంగా, కాస్త పడమరకు ఒరుగుతూ పోయే గట్టే సాల్టోరో. అందులో ఎత్తయిన శిఖరం సాల్టోరో కాంగ్రి, 7,742 మీటర్లు. గట్టు దాటడానికి ముఖ్యమైన దారులు మూడు: సియా లా (5,589 మీటర్లు), బిలాఫోండ్ లా (సుమారు 5,450), గ్యోంగ్ లా (సుమారు 5,690). "లా" అంటే కనుమ. మూడూ ఇప్పుడు భారత్ చేతిలోనే ఉన్నాయి. పైకొసన ఉన్నది ఇందిరా కోల్, "కోల్" అన్నా కనుమే. ఇందిరాగాంధీ పేరు పెట్టారనుకుంటారు చాలామంది, కాదు. 1912లో అక్కడికి వెళ్లిన అమెరికా పర్వతారోహకులు బులక్ వర్క్‌మన్ దంపతుల యాత్రలో పెట్టిన పేరది, ఇందిర అంటే లక్ష్మీదేవి.

ఇక తగువంతా ఒక్క వాక్యం దగ్గరుంది. 1949 జులై 27న కరాచీలో కుదిరిన ఒప్పందంలో కాల్పుల విరమణ రేఖను వర్ణిస్తూ వచ్చి, చివర "అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాల వరకు" అని వదిలేశారు. అంత ఎత్తుకు ఎవరూ పోరని అనుకున్నారు. 1971 యుద్ధం తర్వాత, 1972 డిసెంబరులో నియంత్రణ రేఖను మ్యాపుల మీద గీసినప్పుడు కూడా ఎన్‌జే 9842 దగ్గరే పెన్ను ఆపేశారు. సరిచేసుకునే అవకాశం రెండోసారి వచ్చి కూడా వాడుకోలేదు. ఆ తర్వాత పోయిన ప్రాణాలను తలుచుకుంటే నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ నిర్లక్ష్యమే.

"ఉత్తరంగా" అంటే ఎటు? స్కేలు, కోణమానిని తీసుకుని మీరే చూడండి. భారత్ వాదన ప్రకారం రేఖ నీళ్లు రెండుగా చీలే గట్టు వెంట, అంటే సాల్టోరో మీదుగా ఇందిరా కోల్‌కు పోవాలి. ఎన్‌జే 9842 నుంచి ఇందిరా కోల్ వైపు చూస్తే అది నిక్కచ్చి ఉత్తరానికి సుమారు 15 డిగ్రీలు పడమరగా ఉంటుంది. పాకిస్తాన్ మాత్రం తిన్నగా కారాకోరం కనుమకు గీత గీస్తుంది. అది ఉత్తరానికి 50 డిగ్రీలకు పైగా తూర్పున పడుతుంది, అంటే ఈశాన్యం. నిక్కచ్చిగా ఉత్తరానికే గీస్తే గీత హిమానీనదాన్నే అడ్డంగా కోస్తుంది. కొండ ప్రాంతాల్లో సరిహద్దును నీటి చీలిక వెంట పెట్టడం పాత పద్ధతి, కాబట్టి భారత్ వాదనకే బలం ఎక్కువని నా అభిప్రాయం. 50 డిగ్రీలు పక్కకు పోయేదాన్ని ఉత్తరం అనడం కష్టం.

కారాకోరం కనుమే ఎందుకు? 1963 మార్చిలో చైనా-పాకిస్తాన్ సరిహద్దు ఒప్పందం చేసుకున్నాయి. సాల్టోరోకు ఉత్తరాన ఉన్న షక్స్‌గామ్ లోయ, సుమారు 5,180 చదరపు కిలోమీటర్లు, చైనాకు పోయింది. ఆ ఒప్పందంలో సరిహద్దు కొస కారాకోరం కనుమ. పాకిస్తాన్ గీత అక్కడికి చేరితే ఆ ఒప్పందానికి ఆధారం దొరుకుతుంది, మధ్యలోని సియాచిన్ మొత్తం అటు పోతుంది. భారత్ ఆ ఒప్పందాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

1970ల్లో విదేశీ పర్వతారోహకులు పాకిస్తాన్ అనుమతితో ఈ వైపు రావడం మొదలైంది. కొన్ని విదేశీ మ్యాపులు కూడా రేఖను కారాకోరం కనుమ దాకా చూపించాయి. అది గమనించిన కర్నల్ నరేంద్ర కుమార్ 1978లో సైనిక యాత్ర తీసుకెళ్లారు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌లో సైనికులను హెలికాప్టర్లతో బిలాఫోండ్ లా దగ్గర దించారు. పాకిస్తాన్ సైన్యం వచ్చేసరికి కనుమలు చేజారాయి. 1987లో నాయబ్ సుబేదార్ బానా సింగ్ దళం పాకిస్తాన్ చేతిలోని క్వాయిద్ పోస్టును పట్టుకుంది. ఇప్పుడది బానా పోస్టు. 2003 నవంబరు నుంచి కాల్పులు ఆగాయి.

ఒక మాట సరిచేయాలి. సియాచిన్ నుంచి పాకిస్తాన్-చైనాలను కలిపే కారాకోరం హైవేను అదుపు చేయవచ్చని తరచూ రాస్తుంటారు. ఇందిరా కోల్ నుంచి ఆ హైవే సరిహద్దు దాటే ఖుంజెరాబ్ కనుమకు గాలిదారిలోనే సుమారు 180 కిలోమీటర్లు, మధ్యలో కారాకోరం గోడ. అది కుదరదు. నిజమైన విలువ మరోటి: సాల్టోరో చేతిలో ఉంటే పడమటి నుంచి లద్దాఖ్‌లోని నుబ్రా లోయలోకి దారి ఉండదు. తూర్పున భారత్ పోస్టు దౌలత్ బేగ్ ఓల్డీకి అవతల చైనా సైన్యం ఉంది, ఉత్తరాన షక్స్‌గామ్ కూడా చైనా చేతిలోనే ఉంది. పడమటి నుంచి పాకిస్తాన్ ఒత్తిడి, ఇటు చైనా ఒత్తిడి ఒకచోట కలవకుండా మధ్యలో అడ్డంగా నిలిచింది ఈ గట్టు.

పైన ఉన్నవాడికే లాభం అనే సూత్రానికి ఇక్కడ ఖరీదు ఉంది. పాకిస్తాన్ వైపు పోస్టులు ఎత్తు తక్కువ, రోడ్లు వాటికి దగ్గర. మనవాళ్లు సుమారు 3,600 మీటర్ల బేస్ క్యాంపు నుంచి 70 కిలోమీటర్లకు పైగా పొడవున్న హిమానీనదం మీద రోజుల తరబడి నడవాలి. అలవాటు పడటానికి సైన్యం పద్ధతి ఇది: 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య 6 రోజులు, 15,000 దాకా 4 రోజులు, ఆపైన ఇంకో 4 రోజులు. ఒక మెట్టు తప్పిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఉంది. పొడి దగ్గుతో మొదలై, గులాబీ రంగు నురగ దాకా వెళ్తుంది. దానికి అసలు మందు కిందికి దించడమే.

నడక చీకట్లోనో తెల్లవారకముందో, ఒకే తాడుకు అందరూ కట్టుకుని. ఎండ పడ్డాక మంచు పగుళ్ల మీద కప్పులా పేరుకున్న మంచు మెత్తబడి మనిషితో సహా కూలుతుంది. తాడు బిగువుగా ఉండాలి, వదులైతే పడినవాడి బరువు ఒక్కసారిగా లాగి వెనకవాణ్ణి కూడా తీసుకుపోతుంది. వట్టి చేత్తో తుపాకీ ఇనుము తాకితే చర్మం అంటుకుపోతుంది. చీతా హెలికాప్టర్ పై పోస్టులకు ఒక్కసారికి మోసేది కొన్ని పదుల కిలోలే. పొద్దున్నే ఎగురుతుంది, గాలి చల్లగా ఉన్నప్పుడే చిక్కగా ఉంటుంది కాబట్టి. గుడారంలో కిరోసిన్ పొయ్యి వెలిగించి గాలి దారులన్నీ మూస్తే విషవాయువుకు నిద్రలోనే పోతారు.

ఇక్కడ పోయినవాళ్లలో తూటాకన్నా మంచుకు, గాలికి పోయినవాళ్లే ఎక్కువ. 2012 ఏప్రిల్ 7న గయారీలో మంచు చరియ పడి పాకిస్తాన్ వైపు 140 మంది పోయారు. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచు గోడ కూలి 19వ మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పదిమంది కూరుకుపోయారు. వాళ్లలో కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు. ఆరో రోజున ప్రాణాలతో దొరికిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

మరి ఇద్దరూ దిగిపోవచ్చు కదా? 1989 నుంచి ఆ మాటలు నడిచాయి. ఎవరు ఎక్కడున్నారో ముందు మ్యాపు మీద ఇద్దరూ సంతకం చేయాలని భారత్ అంటుంది. సుమారు 110 కిలోమీటర్ల ఆ వాస్తవ స్థితి రేఖ మీద సంతకం పెడితే 1984 నాటి మార్పును ఒప్పుకున్నట్టవుతుందని పాకిస్తాన్ పెట్టదు. సంతకం లేకుండా దిగి, రేపు అవతలివాళ్లు ఎక్కితే, కింద నుంచి మళ్లీ పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ప్రతిసారీ చర్చలు అక్కడే ఆగాయి.

నుబ్రా చూడ్డానికి వెళ్లేవాళ్లకు: లేహ్ 3,500 మీటర్లు. విమానం దిగాక రెండు పూర్తి రోజులు కదలకుండా ఉండండి, మూడో రోజే నుబ్రాకు దారి అయిన ఖార్దుంగ్ లా ఎక్కండి. అక్కడి పాత బోర్డు 18,380 అడుగులు అనేది, అసలు ఎత్తు సుమారు 17,582. పైన పావుగంటకు మించి ఆగొద్దు. తలనొప్పితో పాటు వాంతి, తూలుడు ఉంటే ముందుకు పోకుండా దిగిపోండి. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్ర డాక్టర్ని అడిగే వేసుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లకు అది ప్రమాదం కావచ్చు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. పనామిక్ దగ్గర కనిపించే బూడిదరంగు నీళ్లు సియాచిన్ కరిగి వచ్చినవే. అవి దిస్కిత్ దగ్గర ష్యోక్ నదిలో కలిసి, తుర్తుక్ దాటి, పాకిస్తాన్ ఆధీనంలోని లోయలోకి వెళ్లి సింధులో కలుస్తాయి. గట్టుకు పడమటి వైపు కరిగిన నీళ్లు కూడా సాల్టోరో నది మీదుగా అదే ష్యోక్‌కు చేరతాయి.