పార్కులో పక్షుల ఇంటర్న్‌షిప్: చేరే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతోంది. వేసవిలో ఎనిమిది వారాలు హైదరాబాద్ కేబీఆర్ పార్కులో పక్షులు లెక్కపెట్టడం, సందర్శకులకు వాటి గురించి చెప్పడం అనే ఇంటర్న్‌షిప్‌లో చేరతానంటోంది. స్టైపెండ్ లేదు, సర్టిఫికెట్ ఇస్తారట. పంపవచ్చా? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: పంపండమ్మా, కానీ సర్టిఫికెట్‌ను నమ్ముకుని వద్దు. రేపు ఎమ్మెస్సీ సీటుకో, ప్రాజెక్ట్ అసిస్టెంట్ ఉద్యోగానికో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఏం లెక్కపెట్టావు, ఎలా లెక్కపెట్టావు, నీ లెక్క ఎక్కడ తప్పి ఉండొచ్చు అని అడుగుతారు. వీటికి జవాబు చెప్పగలిగేలా తయారైతే స్టైపెండ్ లేకపోయినా నష్టం లేదు.

చేరే ముందు ఇంటర్న్‌షిప్ ఇచ్చే సంస్థను కొన్ని సంగతులు అడగమనండి. గైడ్ వారానికి ఒక్కరోజైనా ఫీల్డుకు వస్తారా? సేకరించిన వివరాల కాపీ అమ్మాయికి ఇస్తారా? అటవీశాఖ అనుమతి చేతికొచ్చిందా? కేబీఆర్ జాతీయ పార్కు. అక్కడ పరిశోధన చేయాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. అది రావడానికి వారాలు పట్టొచ్చు. ఏప్రిల్ చివర్లో దరఖాస్తు పెడితే మే నెల గేటు బయటే గడిచిపోతుంది.

ఇక అసలు పని. వేసవికి వలస పక్షులు వెళ్లిపోతాయి కాబట్టి ఇక్కడే ఉండి గూళ్లు కట్టుకునే వాటినే అంశంగా తీసుకోవాలి. నడకదారి పక్కన, లోపలి పొదల్లో, నీటి దగ్గర పది పన్నెండు చోట్లను గుర్తించాలి. ఒకే పక్షి రెండుసార్లు లెక్కలోకి రాకుండా వాటి మధ్య కనీసం 200 మీటర్ల దూరం ఉండాలి. ఒక్కో చోట రెండు నిమిషాలు కదలకుండా నిలబడి, తర్వాత పది నిమిషాలు లెక్కించాలి. జాతి, సంఖ్య, చూసిందా విన్నదా, 50 మీటర్ల లోపలా బయటా, గాలి, మబ్బు, ఎంతమంది నడుస్తున్నారు అన్నవన్నీ అక్కడికక్కడే రాయాలి. సూర్యోదయం నుంచి మూడు గంటల్లో ముగించాలి, ఎండెక్కితే పక్షులు మెదలవు. రోజూ ఒకే వరుసలో తిరిగితే మొదటి చోటుకే మంచి సమయం దక్కుతుంది, అందుకని రోజు విడిచి రోజు వరుస తిప్పాలి.

ఎక్కువమంది దెబ్బతినేది మొదటి పక్షంలోనే. రోజులు గడిచేకొద్దీ జాబితాలో జాతులు పెరుగుతుంటాయి. నిజానికి పెరిగింది పక్షులు కాదు, చూసేవాళ్ల గుర్తుపట్టే శక్తి. కాబట్టి తొలి పది రోజులు సాధనకే వదిలేసి, ఆ లెక్కలను విశ్లేషణలో కలపకూడదు. మెర్లిన్ యాప్ కూత విని ఒక పేరు చెప్పిందంటే అది సూచన మాత్రమే. కంటితోనో చెవితోనో తనకు రూఢి అయితేనే రాయాలి. పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు సంఖ్యకు బదులు 'ఎక్స్' గుర్తు పెడితే ఎన్ని ఉన్నాయన్న విశ్లేషణకు అది పనికిరాదు. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షుల్ని రప్పించడం, గూళ్ల దగ్గరికి వెళ్లి ఫొటోలు తీయడం అసలే వద్దు. మనం కలకలం చేస్తే తల్లి గూడు వదిలి లేస్తుంది, గుడ్లు కాకుల పాలవుతాయి. బైనాక్యులర్‌ను సంస్థ ఇస్తే కొనక్కర్లేదు. కొనాలంటే 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) చాలు, 10×50 బరువు, చెయ్యి వణికితే బొమ్మ నిలవదు.

సందర్శకులకు చెప్పే పనిని (అవుట్‌రీచ్) తేలిగ్గా తీసుకోవద్దనండి. బడులకు సెలవులు కాబట్టి ఉదయపు నడకకు వచ్చేవాళ్లు, సమ్మర్ క్యాంపు పిల్లలే శ్రోతలు. పన్నెండు మందికి మించిన గుంపు పక్షిని చూసేలోపే దాన్ని లేపేస్తుంది. పికిలి పిట్ట, జెముడు కాకి, తేనెపిట్ట, గోరింక అని తెలుగు పేర్లతో మొదలుపెడితే పెద్దవాళ్లు తమ ఊళ్లో చూసినవి వాళ్లే చెప్పడం మొదలుపెడతారు. నడక చివర 'ఇవాళ కొత్తగా గుర్తుపట్టిన పక్షి ఏది?' అని అడిగి రాసుకుంటే, చెప్పింది ఎంతవరకు అందిందో తెలుస్తుంది.

తర్వాత దారి: డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థ, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్రాల కేంద్రం) నడిపే వన్యప్రాణి ఎమ్మెస్సీ కోర్సులు. సీట్లు తక్కువ, ఎన్‌సీబీఎస్‌లో రెండేళ్లకోసారే ప్రవేశాలు. ఇప్పటినుంచే స్టాటిస్టిక్స్, లెక్కలను విశ్లేషించే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి. ఈ రంగంలో మొదటి ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి, జీతమూ తక్కువ. ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. జువాలజీ డిగ్రీ ఉంటుంది కాబట్టి ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష దారి కూడా తెరిచే ఉంటుంది.

బస పార్కుకు దగ్గర్లో చూడండి, తెల్లవారక ముందే బయల్దేరాలి. లోపల ఒంటరిగా కాకుండా ఇద్దరు కలిసి తిరిగే ఏర్పాటు చేయమని సంస్థను మీరే అడగండి.